క్లాసులను ఏ అరలో సర్దాలి? సొంత ఫాంటసీ గేమ్ రాసుకునేవాళ్లకు ఒక పోలిక

నేను రాసుకున్న గేమ్‌లో ఒకప్పుడు ఇరవై రెండు క్లాసులు, అంటే ఆటగాళ్లు ఎంచుకునే పాత్రల రకాలు, ఉండేవి. అన్నీ అక్షరక్రమంలో. మొదటిసారి ఆడటానికి వచ్చిన ఒకమ్మాయి చేతిలో ఆ కట్ట పెట్టి, ‘నీకు నచ్చింది తీసుకో’ అన్నాను. తనకేం కావాలో తనకి బాగానే తెలుసు. విల్లు పట్టిన వేటగత్తె, అడవిలో పెరిగింది, జాడ దొరికితే వదలదు, గాయానికి ఆకుపసరు కట్టడం వచ్చు. పేజీలు తిప్పుతూనే ఉంది. రేంజర్ దగ్గర ఆగింది, డ్రూయిడ్‌కి వెళ్లింది, స్కౌట్ దగ్గరికి వెనక్కి వచ్చింది, ‘వార్డెన్ అంటే ఏంటి?’ అంది. నలభై నిమిషాలయ్యాక కాగితాలు బల్ల మీద పెట్టేసి, ‘మీరే చెప్పండి, ఇందులో నేనెవర్ని?’ అని అడిగింది.

తప్పు క్లాసులది కాదు, సర్దుబాటుది. అప్పట్నుంచి ఏ గేమ్ తెరిచినా ముందు చూసేది అదే: క్లాసులను ఏ లెక్కన గుంపులు కట్టారు, ఆ వేటగత్తె అందులో ఎక్కడ తేలుతుంది?

గుంపులు కట్టడం వెనక మూడు అవసరాలుంటాయి. రూల్స్ రాయడం తేలికవ్వాలి. కొత్తవాళ్లకు ఎంచుకోవడం తేలికవ్వాలి. కథలోని లోకానికి అర్థం ఉండాలి. మూడూ ఒక్క పద్ధతిలో కుదరవు, ఒకటి దక్కాలంటే ఇంకొకటి కొంత వదులుకోవాలి. కాబట్టి ‘ఏది మంచిది’ అని అడిగేకంటే ‘నా బల్ల దగ్గర ఏది తరచూ ఇబ్బంది పెడుతోంది’ అని అడిగితే జవాబు త్వరగా దొరుకుతుంది.

నాలుగు మూల క్లాసులు, వాటికింద పిల్లలు

అన్నిటికంటే పాత పద్ధతి ఇది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ల డంజియన్స్ అండ్ డ్రాగన్స్ గేమ్ వచ్చినప్పుడు ఉన్నవి మూడే: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్ (దేవుడి తరఫున పోరాడే పూజారి). దొంగ మరుసటి ఏడాది అనుబంధంలో వచ్చి చేరాడు. 1978 నాటి అడ్వాన్స్‌డ్ రూల్స్‌లో యోధుడి కింద పాలడిన్, రేంజర్. క్లెరిక్ కింద డ్రూయిడ్. మాంత్రికుడి కింద ఇల్యూజనిస్ట్. దొంగ కింద అసాసిన్. మాంక్ మాత్రం ఎవరి కిందా ఇమడక విడిగా నిలబడ్డాడు. 1989లో ఆ గేమ్ రెండో ఎడిషన్ ఈ ఏర్పాటుకి పేర్లు కూడా పెట్టేసింది: వారియర్, విజార్డ్, ప్రీస్ట్, రోగ్.

దీని అసలు లాభం రాసేవాడికి. రెండో ఎడిషన్‌లో వారియర్లందరికీ హిట్ పాయింట్లకు (ఎన్ని దెబ్బలు తట్టుకోగలరన్న లెక్కకి) పది ముఖాల పాచిక, ప్రీస్టులకు ఎనిమిది, రోగ్‌లకు ఆరు, విజార్డులకు నాలుగు. దెబ్బ తగిలే లెక్కా, సేవింగ్ త్రోల (ఆపద తప్పించుకోవడానికి వేసే పాచికల) పట్టికా గుంపుకొకటే. కొత్త క్లాస్ రాయాలంటే సగం పని అప్పటికే అయిపోయి ఉంటుంది. ఒక మాయకత్తి రాస్తే ‘వారియర్లకు మాత్రమే’ అంటే చాలు, పదకొండు పేర్లు ఏకరువు పెట్టక్కర్లేదు. రెండేళ్ల తర్వాత ఇంకో క్లాస్ కలిపినా ఆ కత్తి వివరణ మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. పదార్థాలు, మంత్రాలు, ఉచ్చులు ఎక్కువగా రాసేవాళ్లకు ఇది ఎంత సుఖమో చేసి చూస్తేనే తెలుస్తుంది.

ఇబ్బంది మధ్యరకంవాళ్లతో. పాటగాడు బార్డ్‌నే తీసుకోండి. 1978లో బార్డ్ కావాలంటే ముందు ఫైటర్‌గా (యోధుడిగా) కొన్ని లెవల్స్ (అనుభవంతో పెరిగే స్థాయిలు), తర్వాత దొంగగా కొన్ని, ఆపైన డ్రూయిడ్ల దగ్గర శిష్యరికం. పాట పాడటానికి ఇంత తపస్సు! రెండో ఎడిషన్ వచ్చేసరికి అతన్ని రోగ్‌ల అరలో కూర్చోబెట్టారు, చేతిలో మాత్రం విజార్డుల మంత్రాలు. అర పేరు చదివి ఎంచుకున్న ఆటగాడికి ఇది ఆశ్చర్యమే. మన వేటగత్తె ఇక్కడ వారియర్. విల్లు వరకు సరే, ఆకుపసరు సంగతి లోపలికి వెళ్లి వెతుక్కోవాలి.

తెలుగులో ఆడేవాళ్లకు ఇక్కడొక పేరు చిక్కు కూడా ఉంది. నేను మొదట్లో రోగ్‌ని ‘దొంగ’ అనే పెట్టాను. మూడో సెషన్‌కల్లా ఆ పాత్ర ఆడేవాడు తోటివాళ్ల సంచులు కొట్టేయడం మొదలుపెట్టాడు. అడిగితే ‘దొంగనే కదా’ అన్నాడు. ఆ మాట మోసుకొచ్చే బరువు అది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ ఇంగ్లిష్‌లోనే ఆ క్లాస్ పేరు థీఫ్ నుంచి రోగ్‌కి మార్చింది. నేను ‘టక్కరి’ అని మార్చుకున్నాను, సంచులు బతికాయి. పూజారి అనే మాటతో కూడా ఇదే తంటా. క్లెరిక్ అంటే కవచం తొడిగి గద తిప్పేవాడని ఆ తెలుగు మాట విన్నవాళ్లెవరికీ స్ఫురించదు. గుంపుకి పెట్టే పేరు క్లాస్ పేరు కంటే ఎక్కువ మోస్తుంది, ఎందుకంటే కొత్తవాళ్లు మొదట చదివేది దాన్నే.

ఇదే కాలంలో మరో తోవ కూడా ఉండేది. 1981 బేసిక్ రూల్స్‌లో ఎల్ఫ్, డ్వార్ఫ్, హాఫ్లింగ్ జాతులే క్లాసులు. మొత్తం ఏడు, అయిపోయింది. ఒక్క సాయంత్రం ఆడి లేచిపోయే ఆటకి ఇప్పటికీ బాగుంటుంది. ఎల్ఫ్‌లందరూ ఒకేలా ఉండటం నచ్చనివాళ్లు దీని జోలికి పోవద్దు.

అడ్డం నిలువు గళ్లు

2008లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ నాలుగో ఎడిషన్ ఏకంగా పట్టిక గీసింది. నిలువునా పోరాటంలో పాత్ర: దెబ్బలు కాచే డిఫెండర్, దెబ్బ కొట్టే స్ట్రైకర్, తోటివాళ్లను నిలబెట్టే లీడర్, మైదానాన్ని గుప్పిట్లో పెట్టుకునే కంట్రోలర్. అడ్డంగా శక్తి ఎక్కణ్ణుంచి వస్తోందన్నది: మార్షల్ (ఆయుధ విద్య), ఆర్కేన్ (మంత్ర విద్య), డివైన్ (దైవశక్తి). ఫైటర్ మార్షల్ డిఫెండర్, పాలడిన్ డివైన్ డిఫెండర్, రేంజర్ మార్షల్ స్ట్రైకర్, మంత్రాల్లేవు. ఒక్క వాక్యంలో పాత్ర కళ్లముందు నిలబడుతుంది.

ఎంచుకోవడానికి ఇంత తేలికైన పద్ధతి నేను ఇంకొకటి చూడలేదు. ‘గొడవ మొదలైతే నువ్వు ముందుకు దూకుతావా, పక్కవాణ్ణి కాపాడతావా?’ అని అడిగితే ఎప్పుడూ ఆడనివాళ్లు కూడా జవాబు చెప్తారు. నలుగురు కూర్చుంటే ఏ మూల ఖాళీగా ఉందో పట్టికే చెప్తుంది.

మరి ప్రమాదం ఎక్కడుందంటే, ఖాళీ గడి కనబడితే చెయ్యి ఊరుకోదు. ఆ మొదటి పుస్తకంలో ఎనిమిది క్లాసులే. మూడు శక్తులు, నాలుగు పాత్రలు కలిసి పన్నెండు గళ్లు. రేంజర్, రోగ్ ఇద్దరూ ఒకే గడిలో ఉన్నారు కాబట్టి నిండినవి ఏడు, ఖాళీవి ఐదు. కంట్రోలర్ అంటే విజార్డ్ ఒక్కడే. ఆ ఖాళీల గురించి వాళ్లేమీ సిగ్గుపడలేదు, అదే తెలివైన పని. 2009లో రెండో పుస్తకం ప్రైమల్ అనే ప్రకృతి శక్తిని తెచ్చి దాని నాలుగు గళ్లూ ఒకేసారి నింపింది.

నేను మాత్రం సిగ్గుపడ్డాను. నాలుగు నాలుగుల పదహారు గళ్లు గీసి, ఒక్కటీ వదలకూడదని పట్టుబట్టి, మూడు వారాలు కూర్చుని నింపాను. ‘కత్తి చేతబట్టిన కంట్రోలర్’ గడి కోసం గొలుసులు తిప్పుతూ శత్రువుల కాళ్లు కట్టేసేవాణ్ణి కల్పించాను. రాసినప్పుడు మురిసిపోయాను కూడా. ఏడాదిన్నర క్యాంపెయిన్‌లో వాణ్ణి ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకుంటారు, వాడు పుట్టింది గడి కోసం, ఎవరి ఊహలోంచీ కాదు. మీరు గళ్లు గీస్తే గీయండి, పది మందికి చూపించేముందు ఖాళీ గళ్లను చెరిపేయండి. లేదంటే ఆటగాళ్లు కూడా ‘దీంట్లో ఏదీ లేదేంటి’ అని మొదలుపెడతారు.

ఇంకొకటి. ఈ నాలుగు పాత్రలూ పోరాటం గురించే మాట్లాడతాయి. మీ ఆటలో సగం సమయం దర్బారుల్లో రాయబారాలు, అడవుల్లో దారి వెతకడాలైతే, డిఫెండర్ అనే మాట ఆ సగానికి ఏమీ చెప్పదు. వేటగత్తె మార్షల్ స్ట్రైకర్ అన్నారు సరే, జాడ పట్టడం ఏ గడిలో ఉంది?

ఒకే వరుస, లోపల సబ్‌క్లాసులు

ఇప్పుడు ఎక్కువమందికి అలవాటైంది ఇదే. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో పన్నెండు క్లాసులు, పైన గుంపులేవీ లేవు. తేడాలన్నీ సబ్‌క్లాసుల్లో, అంటే ఒక్కో క్లాసు లోపలి రకాల్లో. క్లెరిక్, సోర్సరర్, వార్‌లాక్ మొదటి లెవల్లోనే సబ్‌క్లాస్ ఎంచుకోవాలి, డ్రూయిడ్, విజార్డ్ రెండో లెవల్లో, మిగతావాళ్లు మూడో లెవల్లో. 2024 సవరణలో అందరికీ మూడో లెవల్ చేసి, క్లాసుకి నాలుగు చొప్పున నలభై ఎనిమిది ఇచ్చారు. మధ్యలో 2022 ప్లేటెస్ట్‌లో (ప్రయోగ రూల్స్‌లో) వారియర్, మేజ్, ప్రీస్ట్, ఎక్స్‌పర్ట్ అని పాత నాలుగు గుంపుల ఇళ్లను తిరిగి కట్టి చూశారు. రేంజర్‌ని ఈసారి ఎక్స్‌పర్టుల్లో వేశారు. చివరి పుస్తకంలో ఆ గుంపులు లేవు. ఒకే క్లాస్ 1989లో వారియర్, 2008లో స్ట్రైకర్, 2022లో ఎక్స్‌పర్ట్. గుంపు అనేది క్లాస్ ఒంటిమీద పుట్టుమచ్చ కాదు, మనం అంటించే చీటీ.

అందరికీ మూడో లెవల్ అనడం పుస్తకానికి నీటుగా ఉంటుంది. కథకి మాత్రం అక్కడక్కడ గుచ్చుకుంటుంది. వార్‌లాక్ అంటేనే ఏదో పెద్ద శక్తితో ఒప్పందం చేసుకున్నవాడు. ఆ శక్తి ఎవరన్నది రూల్స్ ప్రకారం తేలేది మూడో లెవల్లో! ఈలోపు ఎవరి సొమ్ము తింటున్నట్టు? సర్దిచెప్పుకోవచ్చు, ‘ఇంకా పేరు చెప్పలేదు’ అనొచ్చు. నేనైతే అలాంటి క్లాసులకు మొదటి లెవల్లోనే పేరు రాయించి, శక్తులు మాత్రం మూడులో ఇస్తాను.

ఈ పద్ధతి ఎంచుకుంటే రోజూ ఎదురయ్యే ప్రశ్న: కొత్త ఆలోచన వస్తే అది క్లాసా, సబ్‌క్లాసా? దీనికి నేను వాడే గీటురాయి ఒక్కటే. ఆ పాత్ర తన వంతు వచ్చినప్పుడు వేరే రకం నిర్ణయం తీసుకుంటుందా? విజార్డ్ ‘ఏ మంత్రం ఖర్చుపెట్టాలి’ అని ఆలోచిస్తాడు, ఫైటర్ ‘ఎక్కడ నిలబడాలి, ఎవణ్ణి కొట్టాలి’ అని ఆలోచిస్తాడు. ఆలోచనే వేరు, కాబట్టి వేరే క్లాస్. మంచు మంత్రాలు వేసే విజార్డ్ కూడా ‘ఏ మంత్రం ఖర్చుపెట్టాలి’ అనే అనుకుంటాడు. సబ్‌క్లాస్. ఇక ఓడ మీద పెరిగిన ఫైటర్‌కి నేపథ్యం పేరా చాలు, సబ్‌క్లాస్ కూడా దండగ. ఈ గీటురాయి మీద గీస్తే నా ఇరవై రెండులో తొమ్మిది మిగిలాయి. స్కౌట్, వార్డెన్ ఇద్దరూ రేంజర్ లోపలికి వెళ్లిపోయారు.

వేటగత్తెకి ఇక్కడ ఇబ్బంది లేదు, రేంజర్ అనే మాట తెలిస్తే. తెలియకపోతే పన్నెండు పేర్లూ చదవాల్సిందే. వరుస కొండవీటి చాంతాడైతే మళ్లీ నలభై నిమిషాలే. నా లెక్కలో పైన గుంపుల్లేకుండా పన్నెండు దాటకూడదు.

మెట్లు మెట్లుగా

2015లో వచ్చిన షాడో ఆఫ్ ద డెమన్ లార్డ్ పాత నాలుగు ఇళ్లనే తీసుకుని వాటిని కాలంలో పరిచింది. మొదటి లెవల్లో నాలుగే దారులు: యోధుడు, మాంత్రికుడు, ప్రీస్ట్, రోగ్. మూడో లెవల్లో పదహారు ఎక్స్‌పర్ట్ దారులు, ఏడో లెవల్లో అరవై నాలుగు మాస్టర్ దారులు. పై మెట్టు ఎంచుకోవడానికి కింద ఏది ఎంచుకున్నావన్నది అడ్డం కాదు. కాబట్టి కలయికలు నాలుగు వేల తొంభై ఆరు. ఎవరూ అన్నీ చూడరు, చూడనక్కర్లేదు. ఏ రోజుకారోజు ఎదురుగా ఉండేది ఒక చిన్న ప్రశ్న.

దీని మీద నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నాను. కారణం ఆటలో జరిగేదే. మొదటి రోజు ఎవరికీ తమ పాత్ర తెలియదు. నాలుగు సెషన్లు ఆడాక తెలుస్తుంది. యోధుడిగా మొదలైనవాడు ఒక గుడి కూలడం చూసి, మూడో లెవల్లో దేవుడి వైపు తిరిగితే, ఆ మలుపు రూల్స్‌లోనూ పడుతుంది. మన వేటగత్తె ‘యోధురాలు’ అని వేలు పెట్టి ఆట మొదలెట్టేస్తుంది, రేంజర్ అనే మాట ఆమెకి మూడో లెవల్లో కనబడుతుంది. అప్పటికి అదేంటో అడగాల్సిన పని ఉండదు.

నష్టం రాత పని. ప్రతి దారీ చిన్నదే, కానీ సంఖ్య ఎక్కువ. ఇంట్లో ఆడుకునే ఆటకి నాలుగూ ఎనిమిదీ చాలు. మూడో మెట్టు ముందే రాయొద్దు, ఎవరైనా అక్కడికి చేరినప్పుడు వాళ్లకోసం రాయొచ్చు. ఇంకో లోటు, మొదటి రెండు లెవల్స్‌లో ఇద్దరు యోధులుంటే ఒకేలా అనిపిస్తారు. ఆ దశని రెండు మూడు సెషన్లలో దాటించేయండి.

రెండు ముక్కల కలయిక

2025 నాటి డ్యాగర్‌హార్ట్‌లో తొమ్మిది క్లాసులు, తొమ్మిది డొమైన్లు (శక్తుల కట్టలు). ప్రతి క్లాసుకీ రెండు డొమైన్లు, ప్రతి డొమైనూ రెండు క్లాసులకు చెందుతుంది. గుండ్రంగా చేతులు పట్టుకుని నిలబడినట్టు ఉంటుంది: వారియర్‌కి బ్లేడ్, బోన్; రేంజర్‌కి బోన్, సేజ్; డ్రూయిడ్‌కి సేజ్, ఆర్కేనా. చాకచక్యం వారియర్‌తో పంచుకుంటూ, అడవి విద్య డ్రూయిడ్‌తో పంచుకుంటుంది రేంజర్. ఎన్ని ఎడిషన్లు ఎన్ని అరల్లో తిప్పినా కుదరని మనిషి ఇక్కడ రెండు చేతుల మధ్య హాయిగా నిలబడింది.

మధ్యరకంవాళ్ల సమస్యకి ఇంతకంటే చక్కని విరుగుడు నాకు తెలియదు. రాసేవాడికీ ఆదా. శక్తులు డొమైన్‌కి ఒక్కసారి రాస్తే రెండు క్లాసులు వాడుకుంటాయి. కానీ కొలత తప్పితే బలం ఎక్కువైన డొమైన్ ఒకేసారి రెండు క్లాసులను పైకి లేపుతుంది, సరిచేయబోతే రెండూ కుంటుతాయి. మొదటి గేమ్ రాసేవాళ్లకు నేను దీన్ని సిఫారసు చేయను.

అసలు క్లాసులే వద్దనుకుంటే

1978 నాటి రూన్‌క్వెస్ట్ నైపుణ్యాల మీద నడుస్తుంది, 1986 నాటి గర్ప్స్ పాయింట్లతో. మీకు కావలసిన వేటగత్తెని ముక్క ముక్కా పేర్చుకోవచ్చు. అనుభవం ఉన్నవాళ్లకు స్వర్గం. కొత్తవాళ్ల చేతిలో పెడితే ఖాళీ కాగితం ముందు కూర్చున్నట్టే. ఇటూ అటూ కాని రాజీ రోల్‌మాస్టర్‌లో ఉంది: ఎవరైనా ఏదైనా నేర్చుకోవచ్చు, వృత్తిని బట్టి ధర మారుతుంది. లెక్కలంటే విసుగులేని బల్ల అయితే చూడండి.

మల్టీక్లాస్ సంగతి ముందే తేల్చుకోండి

మల్టీక్లాస్ అంటే ఒకే పాత్రకి ఒకటికి మించి క్లాసులు. చాలామంది దీన్ని చివరికి వదిలేసి దెబ్బతింటారు. 2000 నాటి మూడో ఎడిషన్‌లో లెవల్‌కో క్లాస్ తీసుకోవచ్చు. వినడానికి స్వేచ్ఛ. ఆడితే రెండు రకాలుగా బెడిసింది. మొదటి లెవల్లోనే శక్తులన్నీ దట్టించిన క్లాసులను ఒక్క లెవల్ రుచిచూసి వదిలేసేవాళ్లు తయారయ్యారు. సగం ఫైటర్ సగం విజార్డ్ అయినవాడు మాత్రం అటు పెద్ద మంత్రాలూ రాక, ఇటు దెబ్బా తగలక రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. 2019 నాటి పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ ఈ గుమ్మం మూసేసి కిటికీ తెరిచింది: మీ క్లాస్ మీదే, కొన్ని ఫీట్లు (ఎంచుకునే అదనపు నేర్పులు) ఖర్చుపెట్టి పక్క క్లాస్ విద్య కొంత తెచ్చుకోవచ్చు. నాలుగు ఇళ్ల పద్ధతికీ, ఒకే వరుసకీ ఇది నప్పుతుంది. మెట్ల పద్ధతిలో, డొమైన్లలో మల్టీక్లాస్ అవసరం దాదాపు కథలోనే తీరిపోతుంది, ఆ పేజీలు మిగుల్తాయి.

ఇక ఎవరికి ఏది అంటే: ముఖపరిచయం ఉన్న నలుగురితో సొంత బల్ల మీద ఏడాది ఆడబోతుంటే మెట్లు. మాయవస్తువులు, మంత్రాలు రాయడమే మీకు ఇష్టమైతే నాలుగు ఇళ్లు. గళ్ల మ్యాప్ మీద బొమ్మలు జరిపే పోరాటమే ప్రాణమైతే పాత్రల పట్టిక, ఖాళీ గళ్లు నింపాలన్న పట్టుదల లేకుండా. ముక్కూమొహం తెలియనివాళ్లు చదివి ఆడాలంటే ఒకే వరుస, ఎందుకంటే వాళ్లలో చాలామందికి ఆ అలవాటు ముందే ఉంది. ఒక్క రాత్రి ఆటకి వీటిలో ఏదీ వద్దు, ఆరు పాత్రలు నింపి బల్ల మీద పరిచేయండి.

ఏది ఎంచుకున్నా రూల్స్ రాయకముందే ఒక చిన్న పరీక్ష. క్లాస్ పేర్లు చీటీల మీద రాయండి, కింద ఒక్కో వాక్యం: ఈ మనిషి ఏం చేస్తాడు. గుంపుల పేర్లు చెప్పకుండా, ఎప్పుడూ ఆడని ఒకరికి ఆ చీటీలిచ్చి ‘నీకు తోచినట్టు కుప్పలు పెట్టు’ అనండి. కుప్పలు మీ గుంపులతో కలవకపోతే కంగారుపడొద్దు, చెయ్యి ఎక్కడ ఆగుతోందో చూడండి. ఇటు పెట్టి, తీసి, అటు పెట్టే చీటీ ఏదో రాసుకోండి. నేను ముగ్గురితో చేయించాను. వేటగత్తె చీటీ మూడుసార్లూ తడుముకోకుండా యోధుల కుప్పలోకి వెళ్లింది. గాల్లో ఆగిపోయిన చీటీ ముగ్గురి చేతిలోనూ ఒకటే, బార్డ్‌ది.